సున్నపు గీతలు

"ట్రాక్టరు యాడికి పంపినావత్తా?"

వినుత అడగడం అది మూడోసారి. నరసక్క తమలపాకు తొడిమ గిల్లి, ఈనె తీసి, సున్నపు డబ్బీ మూత తిప్పుతూ కూర్చుంది. మూత బిగుసుకుపోయినట్టుంది, చూపంతా దాని మీదే పెట్టింది.

వినుత ఇంకా పనిబట్టల్లోనే ఉంది. తలకు చుట్టిన తువ్వాలు విప్పలేదు. చీర మీద వేసుకున్న మగవాళ్ళ చొక్కా మోచేతుల దాకా తడిగానే ఉంది. పొద్దంతా సోలారు పార్కులో ప్యానెళ్ళు కడిగి, వచ్చే దారిలో ట్రాక్టరున్న యోగానంద ఇంటి ముందు ఆగి చూసింది. ట్రాక్టరు నిలబడే చోట నూనె మరక, దాని చుట్టూ గీరుకుంటున్న కోళ్ళు తప్ప ఏమీ లేవు. అతని భార్య గీత నోరు తెరిచి చెప్పబోయి, "మీ అత్తనే అడుగు వినుతా" అని లోపలికి పోయింది.

"మంగళవాడకు" అంది నరసక్క ఎట్టకేలకు. "మా అన్న చేనికి. మొన్న రాత్రి వానకు ఆడ పదును బాగా దిగినాదంట. విత్తనమేసేదానికి ట్రాక్టరు దొరకలేదని పొద్దున్నే ఫోన్ చేసినాడు. యోగానందను అడిగితే గొర్రు తగిలించుకుని పోయినాడు."

"రేపు నాకు టెస్టు."

"రాత్రికి వచ్చేస్తాదిలే."

"మీ అన్న చేను ఎంత పెద్దది?"

నరసక్క ఆకు మడిచి బుగ్గన పెట్టుకుంది. నోట్లో ఆకు ఉన్నవాళ్ళను జవాబు అడగకూడదన్నది ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న మర్యాద. ఆమె దాన్ని అవసరానికి వాడుకుంటుందని వినుతకు పెళ్ళయిన మొదటి నెలలోనే తెలిసింది.

ఆ ట్రాక్టరు దినం వినుత చెమటోడ్చి సంపాదించుకున్నది. ఆ పక్క ఊళ్ళలో ముయ్యి అని ఒక పద్ధతుంది. ఇవాళ నీ చేన్లో నేను పని చేస్తే, రేపు నా చేన్లో నువ్వు చేయాలి. కూలి డబ్బుల మాటే రాదు. మనిషికి మనిషి, ఎద్దులకు ఇంతమంది, ట్రాక్టరుకు ఇంతమంది అని లెక్క. తమ ఊరు క్యాతగానచెర్లులో చేన్లన్నీ ప్యానెళ్ళ కిందికి పోయాక ముయ్యి కూడా పోయిందనుకున్నారు. వినుత ఒక్కతే దాన్ని బయటికి తీసింది. ఉగాది దాటినప్పటినుంచి ప్రతి ఆదివారం, పార్కుకు సెలవున్న ఆ ఒక్క రోజు, యోగానంద బోరుబావి తోటలో కలుపు తీసింది, టమాటా కోసింది. దానికి బదులు ఒక దినం ట్రాక్టరు, పక్కన యోగానంద. మధుగిరిలో లైసెన్సు టెస్టుకు ఎవరి బండి వాళ్ళే తీసుకుపోవాలి కదా.

నేర్చుకునేవాళ్ళకు ఇచ్చే కాగితం గడువు ఈ శనివారంతో అయిపోతుంది. పార్కులో ట్రాక్టరుకు తగిలించిన నీళ్ళ ట్యాంకరు నడిపే ఆదినారాయణప్పకు కళ్ళు మసకబారాయి, నెలాఖరుకు మానుకుంటున్నాడు. ఆయనే వినుతను పక్కన కూర్చోబెట్టుకుని స్టీరింగు నేర్పాడు. సూపర్‌వైజరు లక్ష్మీనరసింహ కూడా ఒప్పుకున్నాడు. చేతిలో లైసెన్సుంటే సీటు నీదే, లేదంటే బయటినుంచి మగమనిషిని తెచ్చుకుంటానన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, ఇప్పుడు అడ్డం పడింది ఇంట్లో మనిషి.

లోపలినుంచి దేవరాజ్ యూనిఫారం గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. పార్కు గేటు దగ్గర అతనికి రాత్రి కాపలా.

"విన్నావా?" అంది వినుత.

"విన్నా."

"ఏమంటావు?"

దేవరాజ్ భార్య వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, చివరికి చెప్పుల వైపు చూశాడు. కర్ర విరగకుండా పాము చావకుండా బతకడంలో అతన్ని మించినవాడు తాలూకాలో లేడు. కాపలా ఉద్యోగానికి సరిపోయిన మనిషే.

"వచ్చే నెల పెట్టుకుంటే కాదా? మళ్ళా ఇంకో కాగితం తీసుకుంటే పోయె."

"మళ్ళా కాగితం తీసుకోని, మళ్ళా నెల ఆగి, మళ్ళా తారీకు దొరికేసరికి ఆ సీట్లో ఎవురు కూసోనుంటారో నీకు తెల్దా? గేటు తెరిచి వాణ్ణి లోపలికి పంపేది నువ్వే."

"డ్యూటీకి టైమయింది" అన్నాడు దేవరాజ్.

అది నిజమే. అతనికి ఇంట్లో గొడవ మొదలైనప్పుడల్లా డ్యూటీకి టైమవుతుంది.

*

గీత పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి చాప వేసింది. వినుత కూర్చోలేదు.

"ఫోన్ కలుపక్కా. నేను మాట్లాడల్ల."

గీత మొగుడికి కలిపి, స్పీకరు పెట్టి, ఫోను కిటికీలో నిలబెట్టింది. ఆ ఇంట్లో సిగ్నలు ఆ కిటికీ దగ్గరే దొరుకుతుంది. చాలాసేపు మోగాక యోగానంద గొంతు ఇంజను మోతలోంచి వచ్చింది.

"అన్నా, నేను వినుతను. ఎప్పుడొస్తావు?"

"యాడమ్మా వచ్చేది. చేను సగం కూడా కాలేదు. పైన పదునుండాది, కింద గట్టిగా ఉండాది, గొర్రు లాగల్లంటే కష్టమవుతాంది. రేపు మధ్యాన్నం దాకా పట్టేట్టుండాది."

"రేపు పదింటికి నా పేరు పిలుస్తారన్నా. మధుగిరిలో. మూడు గంటల దారి, తెల్లారకముందే బయల్దేరల్లని నువ్వే కదా చెప్పినావు."

అవతల ఇంజను ఆగింది. యోగానంద కిందికి దిగినట్టున్నాడు.

"మీ అత్త పొద్దున్నే వచ్చి, మా ఇంటి దినం ఒకటి నీ దగ్గరుండాది కదప్పా, అది ఈ పొద్దు కావల్ల అనింది. నీకు చెప్పే వచ్చిందనుకుంటి."

"ఆ దినం నాది."

"నీదే. నేను కాదంటానా? కానీ ముయ్యి ఇంటికి కదమ్మా. మా నాయన మీ మామ చేన్లో చేస్తే నేను మీ ఇంట్లో ఎవురికైనా చెప్పి తీర్చుకునేటోణ్ణి. ఇంటి పెద్ద వచ్చి అడిగితే లేదని ఎట్ల చెప్పేది? రేపు మా ఇంటికి మనుషులు కావల్లంటే నేనూ అట్లనే కదా అడగల్ల."

"అయితే నాకు ఇంకో దినం ఇయ్యి. ఆ చేను వదిలిపెట్టి ట్రాక్టరు తోలుకోని ఇప్పుడే రా."

"చూడు తల్లీ. ఆయప్ప విత్తనం తడిపి పెట్టుకోనుండాడు. రెండేండ్లయింది ఆడ వాన చూసి. పదునుండే చేన్లో ట్రాక్టరు నిలబెట్టి వస్తే ఆ పాపం నాకు తగుల్తాది. నువ్వు రైతు బిడ్డవే, నీకు నేను చెప్పల్లనా?"

చెప్పనక్కర్లేదు. అదే వినుతకు మండిపోతోంది. ఎదుటివాళ్ళది తప్పయితే నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకోవచ్చు. అత్త వాళ్ళన్న హనుమప్ప మామ తడి విత్తనం ముందు కూర్చుని మబ్బు వైపు చూస్తుంటాడన్నది ఆమెకు కళ్ళకు కట్టినట్టు తెలుస్తోంది. ఆ ముసలాయన మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు.

"ఊళ్ళో ఇంకో ట్రాక్టరు లేదా?" అంది గీత మెల్లగా.

"మొన్న వాన పడినాక యా ట్రాక్టరు ఖాళీగా ఉంటాదక్కా. అరసికెరె దాకా ఫోన్ చేసినా దారిలో. అందరూ విత్తనాల్లోనే ఉండారు."

గీత చాప చుట్టి మూల పెట్టింది. "నాకు పొద్దున్నే తెలుసు. నీకు ఫోన్ చేద్దామనుకుంటి. మీ అత్త మొఖం చూసి చేయలేకపోతి."

వినుతకు ఆ మాట ఓదార్పులా అనిపించలేదు. తెలిసి కూడా చెప్పనివాళ్ళు ఇంకొకరు పెరిగారంతే.

*

నడిమింట్లో తూర్పు గోడకు ఒకప్పుడు వేరుశెనగ మూటలు పేర్చేవాళ్ళు. మూటకొక సున్నపు గీత. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. మూటలు పోయాక గోడ ఖాళీ అయింది. ఆరేళ్ళ కింద మహిళా సంఘం మీటింగుకు వచ్చిన తుమకూరు మేడమొకావిడ, మీ జీవితంలో చేయాలనుకున్న ఐదు పనులు రాసుకోండి, ఎంతదాకా వచ్చాయో ప్రతి నెలా చూసుకోండి అని చెప్పిపోయింది. మిగతా ఆడవాళ్ళు టీ తాగి మరిచిపోయారు. వినుత ఆ సాయంత్రమే చీపురుపుల్ల సున్నంలో ముంచి గోడ మీద రాసింది. మాట తెలుగు, రాత కన్నడం. ఆమె చదివింది కన్నడ బడిలోనే మరి.

మొదటిది, ఒక్కరోజైనా పొద్దెక్కేదాకా పడుకోవాలి. రెండోది, తన పేరుతో బ్యాంకు ఖాతా. మూడోది, సముద్రం చూడాలి. నాలుగోది, ట్రాక్టరు లైసెన్సు. ఐదోది ఆ పూట తోచక నంబరు వేసి వదిలేసింది, ఇప్పటికీ తోచలేదు.

తీరినదానికి కుంకుమ బొట్టు. ఖాతాకు బొట్టు పడింది. సముద్రానికి సగం బొట్టే. సంఘం వాళ్ళు యాత్ర కట్టి మంగళూరు దాకా పోయారు గానీ, ఆ రోజు కుంభవృష్టి, బస్సు దిగనివ్వలేదు. అద్దంలోంచి బూడిద రంగులో ఏదో కనబడింది, అదే సముద్రమన్నారు. వినుత మనస్సాక్షి గల మనిషి, సగమే పెట్టుకుంది. ట్రాక్టరు పక్కన మాత్రం గీతలే గీతలు. తోటలో చేసిన ఒక్కో ఆదివారానికి ఒక్కో గీత.

మొదటిదాని పక్కన ఏమీ లేదు. ఆరేళ్ళలో ఒక్క గీతా పడలేదు.

వినుత ఇంట్లోకి వచ్చేసరికి నరసక్క ఆ గోడ ముందే నిలబడి ఉంది. పదేళ్ళ కూతురు ధనుశ్రీ ఒక మూల పుస్తకం తెరుచుకుని చదువుతున్నట్టు కూర్చుంది. చెవులు మాత్రం పుస్తకంలో లేవు.

"ఇదో ఈ గీతలే" అంది నరసక్క. "ప్రతి ఆదివారం నువ్వు పోవడం, వచ్చి గీత గీయడం చూస్తానే ఉండా. యోగానంద ఇంటి మీద మనకు ముయ్యి జమ అవుతాందని తెలుసు. ఇన్ని గీతలకు ట్రాక్టరు దినమొకటి వస్తాదని నేనే లెక్కేసుకుంటి. నాకు అచ్చరాలు రాకపోయినా గీతలు వస్తాయి."

"అవి ముయ్యి గీతలు కాదత్తా. నా పని ఎంతదాకా వచ్చిందో చూసుకునేదానికి గీసుకున్నా."

"పని చేసినందుకే కదా గీసినావు?"

"నా కోసం చేసినా."

"నీ కోసమంటే ఇంటి కోసం కాదా?"

వినుత గొంతు పెంచింది.

"కాదు. ఆరు దినాలు ప్యానెళ్ళు కడిగేది ఇంటి కోసమే. పొద్దున లేచి నీళ్ళు, పొయ్యి, సంగటి ఇంటి కోసమే. ఆ ఏడో దినం ఒక్కటి నా కోసం. నీకు చెప్పినా కదా, లైసెన్సు తీసుకుంటానని."

"చెప్పినావు. రేపే అని చెప్పినావా?"

చెప్పలేదు. అత్తకు చెబితే ఏదో ఒక అడ్డు వస్తుందని చెప్పలేదు. చెప్పకపోతే వచ్చిన అడ్డు ఇది. వినుత తువ్వాలు విప్పి తాడు మీదికి విసిరింది. అది తాడుకు అందక కింద పడింది.

నరసక్క దాన్ని తీసి దులిపి తాడు మీద వేసింది. తర్వాత గోడకు వీపు ఆనించి కూర్చుంది.

"మీ మామ కాలిరిగి పండుకున్న యేడు మా అన్న ఎద్దుల్ని తోలుకోని ఈడికి వచ్చినాడు. మన చేను విత్తి పోయినాడు. ఆయప్ప తిరిగి పోయేసరికి ఆయప్ప చేన్లో పదును ఆరిపోయింది. ఆ యేడు వాళ్ళింట్లో గింజ లేదు. ఒక మాటనలేదు. తిరిగి ఇద్దామంటే మరుసటేడు మన ఎద్దులు పాయె. ఆమీద చేనే అద్దాల కిందికి పాయె. మీ మామ పోతా పోతా కూడా అదే చెప్పినాడు, నరసీ, మీ అన్న దినాలు తీర్చు అని." ఆమె గోడను తలతో చూపించింది. "నువ్వు ఐదు రాసుకుంటివంట. నాకుండేది అదొకటే. నాకు రాసుకునేది రాదు."

ధనుశ్రీ పుస్తకంలోంచి తల ఎత్తింది. వినుత నిలబడ్డచోటే నిలబడింది. అత్త నోటి నుంచి ఇంత పెద్ద మాట ఆమె ఎప్పుడూ వినలేదు. జాలి పడాలనే అనిపించింది. కానీ జాలి పడితే ట్రాక్టరు రాదు, ఆ సంగతి కూడా గుర్తొచ్చింది.

"ఆ ఒకటి నీ గీతలతో తీర్చుకోవల్ల" అంది. "నా గీతలతో కాదు."

నరసక్క సున్నపు డబ్బీ తీసి మూత తిప్పసాగింది.

"ఆరేండ్లయింది ఇది రాసి. ఈ గోడ ముందరే కూసోని తింటారు, ఈ గోడ ముందరే పండుకుంటారు. ఆడ ఏం రాసుండాదో ఒకరన్నా అడిగినారా? నీ కొడుకు అడగలేదు, నువ్వడగలేదు. గీతలు లెక్కబెట్టుకున్నావు గానీ, పక్కనుండే మాటేందని బిడ్డను పిలిచి ఒక్కసారి చదివించుకున్నావా?"

ఆమె ఆ రాత్రి తినలేదు. లోపలి గదిలోకి పోయి, దుప్పటి ముసుగు తన్ని పడుకుంది. కాసేపటికి నడిమింట్లోంచి ధనుశ్రీ గొంతు వినిపించింది. బడిలో పాఠం అప్పగించినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతోంది. మధ్యలో అవ్వ గొంతు, "మళ్ళా చదువు, మొదటిది" అంటోంది.

ఇప్పుడు చదివించుకుంటే ఏం లాభమని వినుత చెవుల మీదికి దుప్పటి లాక్కుంది.

*

పొద్దున వినుత లేవలేదు.

రాత్రే నిశ్చయించుకుంది. నాలుగోది ఎట్లాగూ పోయింది. పార్కుకు సెలవు చెప్పే ఉంది, టెస్టు కోసమని. అయితే మొదటిదైనా ఈ రోజు తీరాలి. ఈ ఇల్లు తను లేవకుండా ఎట్లా లేస్తుందో చూస్తాను. కొళాయి నీళ్ళు వస్తే రానీ, పోతే పోనీ. ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చేదాకా ఈ దుప్పటి తీసేది లేదు.

అనుకోవడం సులభమే, ఒళ్ళు వింటేగా. పదమూడేళ్ళుగా కోడికంటే ముందు లేచిన ఒళ్ళు అది. చీకటితోనే మెలకువ వచ్చేసింది. వచ్చేసిందని కూడా అనలేము, రాత్రంతా కునుకు పడితే కదా. కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి నిద్రపోయేవాళ్ళ ఊపిరిలా తీస్తూ పడుకుంది.

ఇంకా వెలుగు రాకముందు రోడ్డు వైపు ఏదో మోత వచ్చి ఆగింది, పార్కు ట్యాంకరనుకుంది. కాసేపటికి వాకిట్లో ఎవరిదో దగ్గు వినిపించింది. నరసక్క గుసగుసగా ఏదో చెప్పింది. మగ గొంతు ఏదో అంది. "నేను చూసుకుంటాలేప్పా, నువ్వు పోయి నడుము వాల్చు" అని నరసక్క. పాలవాడో, నీళ్ళ మోటారు వేసేవాడో. తనను లేపమని చెబుతున్నారేమో, లేపనీ చూద్దామని వినుత పళ్ళు బిగబట్టింది.

ఎవరూ లేపలేదు.

కొళాయి వచ్చింది. బిందెలు మోగకుండా ఎవరో జాగ్రత్తగా పట్టారు. పొయ్యిలో కట్టెలు చిటపటమన్నాయి. ధనుశ్రీ గట్టిగా ఏదో అడగబోతే, "ఉష్, అమ్మ లేస్తాది" అని నరసక్క కసిరింది. ఇదంతా వింటూ వినుతకు ఇంకా మండింది. తను లేకపోయినా ఇల్లు నడిచిపోతోంది. లేవమ్మా, నువ్వు లేకపోతే కాదు అని ఒక్కరన్నా వస్తే, నేను లేవను అందామని నాలుక చివర సిద్ధంగా పెట్టుకుంది. ఆ మాట అట్లాగే నాని పోయింది.

బడి బస్సు వచ్చి పోయింది. ఎండ కిటికీ చువ్వల మధ్యనుంచి మొదట గోడ మీద పడింది, తర్వాత మంచం కోడు మీద, తర్వాత ఆమె పాదాల మీద. వెచ్చగా తగిలింది. ఆరేళ్ళుగా కోరుకున్న ఎండ ఇదేనా అని వినుతకు ఏడుపొచ్చింది. ఒళ్ళు నొప్పులు, ఆకలి, పైగా ఈ పాటికి మధుగిరిలో తన పేరు పిలవడానికి సిద్ధమవుతుంటారన్న తలపు. సుఖపడటం కూడా ఒక పనే అయినట్టుంది, అది కూడా సరిగ్గా చేతకాలేదు.

అప్పుడు దేవరాజ్ సైకిలు చప్పుడు. డ్యూటీ దిగి వచ్చాడు.

"అమ్మా, వినుత యాడ? పోలేదా ఇంకా?"

"మెల్లగా మాట్లాడు. పండుకోనుండాది."

"పండుకోనుండాదా? ట్రాక్టరు రోడ్డు మీద నిలబడుండాదే. యోగానంద సీట్లోనే గుర్రు పెడతాండాడు. నేను వచ్చేటప్పుడు చూసినా."

వినుత దుప్పటి విసిరేసి లేచింది. నడిమింట్లోకి వచ్చిపడింది.

నరసక్క గోడ ముందు నిలబడి ఉంది. ఆమె చూపుడువేలికి సున్నం. గోడ మీద మొదటి వాక్యం పక్కన, ఆరేళ్ళుగా ఖాళీగా ఉన్న చోట, తడి ఆరని ఒక గీత.

"ట్రాక్టరు ఎప్పుడొచ్చింది?" అంది వినుత.

"రాత్రే ఫోన్ చేయించినా. మా అన్నకు చెప్పినా, సగం చేను చాలు, మిగతా దినం నా కోడలిది, పంపీయమని. ఆయప్ప ఏమీ అనలేదు." నరసక్క వేలి సున్నం కొంగుకు తుడుచుకుంది. "యోగానంద రాత్రి సగం చేను ముగించి, అట్లనే బండి తోలుకోని చీకటితోనే వచ్చినాడు. సందులో బురద, దిగబడతాదని రోడ్డు మీదే పెట్టినాడు. నిన్ను లేపమన్నాడు. నేనే లేపలేదు."

"ఏంటికి?"

నరసక్క గోడ వైపు చూపించింది. ఏదో మంచి పని చేసిన మనిషి ముఖంలో ఉండే వెలుగు ఆమె ముఖంలో ఇంకా ఉంది.

"బిడ్డతో చదివించుకున్నా రాత్రి. అన్నిటికంటే ముందర అదే రాసుకున్నావంట కదా, పొద్దెక్కేదాకా పండుకోవల్లని. ఆరేండ్లయినా ఒక్క గీత పడలేదు. నేను ఈ ఇంట్లో ఉండంగా అదెట్ల తీరలేదని నాకే సిగ్గేసింది. ఆఫీసోళ్ళు పదంటే పన్నెండు కదా. కౌలు కాగితాలకు తాలూకాఫీసు మెట్ల మీద నేను ఎన్ని తూర్లు కూసోలేదు. ఎండొచ్చినాక లేపుదాం, రెండూ తీరుతాయి అనుకుంటి."

దేవరాజ్ గోడ గడియారం వైపు చూసి టోపీ తీశాడు.

వినుతకు నవ్వు రాలేదు, తిట్టూ రాలేదు.

"నేను నిద్రపోలేదత్తా" అంది. "రాత్రి నుంచి ఒక్క కునుకు కూడా పట్టలేదు. నీ మీద కోపంతో ఉత్తినే పండుకోనుంటి."

నరసక్క కోడలి ఎర్రబడ్డ కళ్ళలోకి చూసింది. ముఖంలో వెలుగు మెల్లగా పోయింది. గోడ మీది తడి గీతను అరచేత్తో తుడవబోయి, మధ్యలోనే ఆగిపోయింది.

రోడ్డు వైపునుంచి ట్రాక్టరు స్టార్టయిన మోత వినిపించింది. యోగానందకు మెలకువ వచ్చినట్టుంది. ఎండ ఇంత పైకొచ్చేదాకా మనిషి రాలేదంటే ఇక రాదని అనుకునే ఉంటాడు. మంగళవాడలో సగం చేను ఇంకా అట్లాగే ఉంది, పదును ఆరిపోతూ ఉంటుంది. బండి ఏ వైపుకు తిరుగుతుందో ఇంట్లో నిలబడ్డ ముగ్గురికీ తెలియలేదు.

వినుత గూట్లోంచి కాగితం లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా వాకిలి దాటి బురదలోకి దిగింది.